దించుకోకుండా ఎక్కించిన పేజీ

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కుట్టుమిషన్ల రిపేరు షాపు షట్టర్ సగమే లేచి ఉందంటే, లోపల బాబిన్ గారు పేజీ రాస్తున్నారని అర్థం. ఆ గంటసేపు ఎంత పెద్ద టైలరొచ్చినా, ఎంత తొందర పనైనా, వంగి షట్టర్ కిందినుంచి చూసి "ఓహో, పేజీ వేళా!" అనుకుని పక్క వీధిలో టీ తాగి రావాల్సిందే. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, ఎవరేం చేస్తారు?

బాబిన్ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు. నాలుగేళ్ళప్పుడు దారం చుట్టే బాబిన్ ఒకటి నోట్లో వేసుకుని బుగ్గన దాచాడు. నాన్న షాపంతా బోర్లించి వెతుకుతుంటే, వాడు పక్కనే నిలబడి తనూ వెతికాడు, దొంగవెధవ! చివరికి అక్క వచ్చి బుగ్గ నొక్కి కక్కించింది. ఆ రోజునుంచి బాబిన్. ఇప్పుడు యాభై దగ్గరపడి, జుట్టు నెరిసి, చివర "గారు" చేరింది గానీ బాబిన్ మాత్రం పోలేదు.

పేజీ అంటే ఇంటర్నెట్‌లో షాపుకున్న పేజీ, పెద్ద రంగూ హంగూ ఏమీ లేదు. పైన షాపు పేరు, దాని కింద ఫోన్ నంబర్, ఆ కింద మూడు వందల చిల్లర వరుసల పట్టిక. ఏ మిషన్‌కి ఏ బెల్ట్ సరిపోతుంది, ఏ షటిల్ పడుతుంది, ఏ సూది వెయ్యాలి, అది షాపులో ఉందా లేదా, అంతే. కానీ ఎక్కడెక్కడి టైలర్లో ఆ పేజీ చూసి ఫోన్ చేస్తారు. పాత నల్ల మిషన్లకి స్పేర్లు దొరికే చోటు అలాంటిది ఇంకొకటి లేదు మరి. ప్రతి వరుసా బాబిన్ చేత్తో కొట్టిందే. ఖాళీ కాగితంలాంటి ఎడిటర్ తెరుచుకుని, ట్యాగ్ తెరిచి, ట్యాగ్ మూసి, మధ్యలో రెండు వేళ్ళతో టకటకా కొడతాడు. కామా తప్పకుండా, గీత తప్పకుండా. "నా చీర మడత కూడా అంత శ్రద్ధగా పట్టుకోరు మీరు" అని భార్య దెప్పుతూ ఉంటుంది.

నేర్పింది అక్క. అప్పుడు అక్కకి ఇరవై నాలుగు, వీడికి ఇరవై. లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్క కుర్చీలో, వీడు పక్కన మిషన్ పెట్టె మీద. షాపులో ఉన్నది ఒకటే కుర్చీ.

"తెరిచిన ట్యాగ్‌ని అప్పుడే మూసెయ్‌రా. తర్వాత మధ్యలో రాసుకో. లేకపోతే నీ బుర్రలాగే పేజీ కూడా ఓ పక్కకి ఒరిగిపోతుంది" అనేది.

ఇంకో సూత్రం కూడా చెప్పింది. ఒకరోజు వీడు పొరపాటున సర్వర్‌లో ఉన్న పాత ఫైలు దించుకుని, పొద్దుటినుంచీ ఇద్దరూ కష్టపడి కొట్టిన కొత్త ఫైలు మీద పడేశాడు. ఎనభై వరుసలు గంగలో కలిసిపోయాయి. అక్క వీడి చెవి మెలేసి, ఒక్కో ముక్కా నొక్కి చెప్పింది. "అసలు ఫైలు మన దగ్గరుండేదే. అక్కడున్నది అద్దంలో బొమ్మ. ఇక్కడ దిద్దు, అక్కడికి ఎక్కించు. అంతేగానీ చచ్చినా అక్కణ్ణుంచి దించుకోకు. తెలిసిందా?"

తెలిసింది. ఎంతలా తెలిసిందంటే, ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళలో బాబిన్ ఒక్కసారి కూడా దించుకోలేదు.

మరి అంత చనువున్న అక్క ఏమైంది? చెప్పాలి. చెప్పుకోవడానికి బాగుండదు గానీ చెప్పాలి.

పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా అక్క నెలకోసారి వచ్చేది. పదకొండేళ్ళ కిందట నాన్నకి జబ్బు చేసింది. "దాన్ని కంగారు పెట్టకు, నాకు తగ్గిపోతుంది" అన్నాడు నాన్న. వీడు సరేనన్నాడు. తగ్గలేదు. ఫోన్ చెయ్యాల్సిన రోజు చెయ్యకుండా, అంతా అయిపోయాక చేశాడు. మర్నాడు సాయంత్రానికి సంచీ పట్టుకుని అక్క గుమ్మంలోకొచ్చింది. ఇంటినిండా జనం. తను ముందే ఫోన్ చెయ్యలేదన్న తప్పు లోపల కోస్తుంటే, ఆ కోతంతా తిప్పి అక్కమీదే పెట్టాడు. "అంతా అయ్యాక చుట్టంలా వచ్చావు. ఎందుకొచ్చినట్టు?" అన్నాడు అందరిముందూ.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. అక్క కింద పెట్టిన సంచీ మళ్ళీ చేతికి తీసుకుంది. తిరిగి ఒక్కమాట అనలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పంతం కొద్దీ నెలరోజులు ఊరుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఆ నంబర్ పనిచెయ్యలేదు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే బావగారికి బదిలీ అయిందన్నారు, ఎక్కడికో పక్కింటివాళ్ళకి తెలియదు. ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. అప్పుడు మొదలైంది బెంగ. ఉట్టి బెంగ కాదు, చిన్నపిల్లలకి వచ్చేలాంటి బెంగ, అన్నం ముందు కూర్చుంటే గొంతుకి అడ్డం పడే బెంగ. అక్క కావాలి ఆయనకి. తిట్టినా సరే, చెవి మెలేసినా సరే, అక్క కావాలి.

ఒక్క ఆశ మిగుల్చుకున్నాడు. పేజీ పాస్‌వర్డ్ పెట్టింది అక్క. అది తెలిసింది వాళ్ళిద్దరికే. పదకొండేళ్ళలో దాన్ని మార్చలేదు. "పాతబడిన పాస్‌వర్డ్ ప్రమాదమటండీ, మార్చండి" అని భార్య ఎన్నిసార్లు పోరినా వినలేదు. ఎప్పుడైనా అక్కకి రావాలనిపిస్తే తలుపు తాళం వేసి ఉండకూడదు, అదీ ఆయన లెక్క. రోజూ ఆ తలుపు గురించే తలుచుకునేవాడు. తీసి ఉంచిన తలుపులోంచి ఎవరైనా వచ్చి వెళ్ళారేమో చూడాలని మాత్రం ఆ మహానుభావుడికి ఒక్కనాడూ తోచలేదు.

చివరికి భార్య పంతమే నెగ్గింది. ఫోన్లో పేజీ చూసేవాళ్ళకి అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయట. కొత్త సైటు కట్టించాల్సిందేనని, తెలిసినవాళ్ళమ్మాయిని పిలిపించింది. పాతికేళ్ళ పిల్ల, చురుకైనది. షాపువాళ్ళందరూ సైటమ్మాయి అనేవారు. షటిళ్ళ డబ్బాలు పక్కకి జరిపి, కౌంటర్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"బాబిన్ గారూ, పాత సర్వర్ నెలాఖరుకి మూసేద్దామండీ. ఈలోగా అందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి తెచ్చుకుంటాను. పాస్‌వర్డ్ చెప్పండి."

ఆ పిల్ల చెవి దగ్గరకెళ్ళి గుసగుసగా చెప్పాడు. షాపులో ఇంకెవరూ లేరు, అయినా సరే.

పావుగంట గడిచింది. బాబిన్ ఒక తొక్కుడు మిషన్ విప్పి నూనె వేస్తున్నాడు.

"అంకుల్, మీరు ఆదివారం రాసి సోమవారం చెరిపేస్తుంటారా?"

"ఆదివారం నేను షాపే తియ్యనమ్మా."

"మరి ఇదేంటి? సర్వర్ ప్రతి ఆదివారం రాత్రికి ఒక కాపీ తనే తీసి దాచుకుంటుంది కదా. అందులో కొన్ని వారాల కాపీల్లో మీ పేజీ మధ్యలో ఎవరో ఏదో రాసి ఉంది. మర్నాడు మీరు ఎక్కించిన ఫైల్లో అది లేదు. పైకి కనబడేది కాదులెండి, కామెంట్ లోపల పెట్టారు. పేజీ చూసేవాళ్ళకి తెలియదు, ఫైలు తెరిచినవాళ్ళకే తెలుస్తుంది." ఆ పిల్ల లాప్‌టాప్ ఇటు తిప్పింది. "బాబిన్ అని మిమ్మల్నే అంటున్నట్టుంది చూడండి."

చేతులకి నూనె ఉందన్న సంగతి కూడా మరిచిపోయి బాబిన్ లాప్‌టాప్ పట్టుకున్నాడు.

"ఒరేయ్ బాబిన్, పాస్‌వర్డ్ మార్చలేదేరా! మారుస్తావనుకున్నాను. నూట పద్నాలుగో వరుసలో బెల్ట్ కొలత తప్పు రాశావు, దిద్దాను. బాగున్నావా?"

తారీకు చూశాడు. నాన్న పోయిన ఏడాదికి. ఆ బెల్ట్ సరిపోలేదని అప్పట్లో ఎంతమంది తిరిగి పంపారో ఆయనకి ఇంకా గుర్తే. అక్క దిద్దిన కొలత మీద తను మర్నాడే తన తప్పు కొలతను తీసుకెళ్ళి కప్పాడు.

రెండోది. "మళ్ళీ తప్పే పెట్టావు. నేను రాసింది కూడా చెరిపేశావు. కోపం తగ్గలేదన్నమాట. సర్లే."

మూడోదాంట్లో కూతురు కాలేజీలో చేరిందని రాసింది. నాలుగోది: "ఆ రోజు నువ్వన్నది తప్పే. తిరిగి ఒక్కమాట అనకుండా నేను వెళ్ళిపోవడం కూడా తప్పే. రెండూ కొట్టేసుకుందామా?" ఐదోదాంట్లో ఒకటే మాట. "ఉన్నావా?" ఆరోది రాసినప్పుడు జ్వరమట, ఎందుకో నాన్న మిషన్ తొక్కే చప్పుడు చెవుల్లో తిరుగుతోందట. ఏడోదాంట్లో ఫోన్ నంబర్ ఇచ్చింది. "చెరిపేముందు దీన్నొక్కటి ఎక్కడన్నా రాసుకో" అంది.

ఎనిమిదోదానికి నాలుగేళ్ళయింది.

"ఏడుసార్లు రాశాను, ఏడుసార్లూ చెరిపావు. ఇదీ చెరుపుతావు. పోనీలే, చెరిపేవాడు చదివే కదా చెరుపుతాడు, ఏడాదికోసారైనా నా మాట వాడి కళ్ళ ముందునుంచి పోతోంది కదా అని సరిపెట్టుకున్నాను. ఇంక నావల్ల కాదురా. ఇక రాయను."

బాబిన్ కళ్ళెత్తలేదు. సైటమ్మాయి కంగారుగా లేచి నిలబడింది.

"చదవలేదమ్మా" అన్నాడు. "నేను ఒక్కటీ చదవలేదు. అలా ఉన్నాయనే తెలియదు నాకు."

"అదెలాగండీ? ఎక్కించేముందు అక్కడున్నదేమిటో దించుకుని చూసుకోరా ఎవరైనా?"

"దించుకోవద్దంది."

"ఎవరండీ?"

"మా అక్కే" అన్నాడు. అని, పిల్ల ముందని కూడా చూసుకోకుండా బావురుమన్నాడు.

నంబర్‌కి ఫోన్ చేశాడు. ఈ నంబర్ వాడుకలో లేదంది. అన్నం తెచ్చిన భార్య ఫోన్ లాక్కుని చేశాడు. సైటమ్మాయి ఫోన్‌తో చేశాడు. ఎవరి ఫోన్‌తో చేస్తే మాత్రం లేని నంబర్ ఎందుకు పలుకుతుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఇక అక్క దగ్గరికి మిగిలిన దారి ఒక్కటే, అదే పేజీ. అదీ నెలాఖరు దాకానే. ఉన్నవి ఇరవై రెండు రోజులు.

ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాడు. కామెంట్లో కాదు. షాపు పేరుకీ పట్టికకీ మధ్య, పెద్ద అక్షరాల్లో, పేజీ తెరిచిన ప్రతివాడికీ కనబడేలా.

"అక్కా, నువ్వు రాసినవి ఇవాళే చదివాను. ఎనిమిదీ చదివాను. అప్పుడు ఒక్కటీ చూడకుండానే నా ఫైలు ఎక్కించేశాను, చదివి చెరపలేదు. నీమీద ఒట్టు. ఆ రోజు అలా అనడమూ నాదే తప్పు, నీకు ముందే ఫోన్ చెయ్యకపోవడమూ నాదే తప్పు. నాకు నువ్వు కావాలి."

భార్య వెనకనుంచి చదివింది. "ఇంటి గొడవ ఊరందరికీ తెలిసేలా రాస్తారాటండీ? వదినలాగే మీరూ ఆ కనబడకుండా రాసే చోట రాయొచ్చుగా?"

"అక్క కనబడకుండా రాసే అంత నష్టపోయింది. కనబడనీ."

"నవ్విపోతారు."

"నవ్వనీవే. నేనన్న మాట ఊరంతా వినలేదూ? ఇదీ వింటారు."

ఆవిడ దాన్ని మళ్ళీ చదివింది. "ఆ చివరిమాట ఇంకొంచెం పెద్దక్షరాల్లో పెట్టండి" అంది.

అక్కణ్ణుంచి బాబిన్ పద్ధతి తలకిందులైంది. రోజూ పొద్దున షట్టర్ సగం లేపి లోపల కూర్చుంటాడు. రాయడానికి కాదు, దించుకోవడానికి. ఫైలు దించి, తెరిచి, మొదటి వరుసనుంచి చివరి వరుసదాకా ఒక్కో ట్యాగే వేలితో తడుముతూ చదువుతాడు. అక్క ఎక్కడ రాస్తుందో ఏమో! బెల్టుల మధ్య రాయొచ్చు, సూదుల కింద రాయొచ్చు. ఏమీ ఉండదు. మూసేస్తాడు. మధ్యాహ్నం మళ్ళీ దించుతాడు.

పేజీలో ఒక్క అక్షరం మార్చడం మాత్రం మానేశాడు. షాపులో సరుకు అయిపోయినా పేజీలో "ఉంది" అనే ఉంది. సైటమ్మాయి నచ్చజెప్పింది. "దించుకుని, దిద్దుకుని, వెంటనే ఎక్కించండి అంకుల్. రెండు నిమిషాల పని."

"ఆ రెండు నిమిషాల్లోనే మా అక్క రాస్తే?"

"రెండు నిమిషాల్లోనా?"

"నీకు తెలియదమ్మా. నా అదృష్టం అలాంటిది."

దాంతో పేజీ నమ్ముకుని వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఒక లావుపాటి టైలరమ్మ రెండు బస్సులు మారి వచ్చి, కావల్సిన షటిల్ లేదనేసరికి అంతెత్తున లేచింది. "ఉందని రాశారుగా! లేనిదాన్ని ఉందని రాయడానికి నోరెలా వచ్చిందయ్యా మీకు?"

"పేజీ ముట్టుకోవడం లేదండి."

"ఏం, మడి కట్టుకుందా మీ పేజీ?"

బాబిన్ కంప్యూటర్ ఆవిడవైపు తిప్పాడు. టైలరమ్మ కళ్ళజోడు వెతుక్కుని, పెదాలు కదుపుతూ చదివింది. రెండోసారి కూడా చదివింది. ఆ తర్వాత ఉన్న ఒక్క కుర్చీ లాక్కుని కూర్చుని, తన తోడికోడలితో తనకి మాటల్లేక ఆరేళ్ళయిందని మొదలుపెట్టి గంటసేపు చెప్పింది. షటిల్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అదేమిటో, ఆ తర్వాత వచ్చే ఫోన్లన్నీ అలాగే ఉండేవి. బెల్ట్ అడుగుతారు, సూది అడుగుతారు, పెట్టేసేముందు గొంతు తగ్గించి "మీ అక్కగారు రాశారాండీ?" అంటారు. మొహం ఎరగనివాళ్ళు, ఏ ఊరో తెలియనివాళ్ళు. "ఇంకా లేదండీ" అని చెప్పీ చెప్పీ బాబిన్‌కి నోరెండిపోయేది. మొదట్లో ఆ "ఇంకా"ని గట్టిగా పలికేవాడు. మూడోవారానికి దాన్ని మింగేసి ఉట్టి "లేదండీ" అనసాగాడు. ఆవిడ అసలు చూస్తోందో లేదో! రాయనని చెప్పి నాలుగేళ్ళయిన మనిషి, పాత స్పేర్ల పట్టిక ఎందుకు తెరుస్తుంది? బతికుందో లేదో అన్న ఆలోచన కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

నెలాఖరు ఇంక ఒక్కరోజుంది. పొద్దున ఎప్పట్లాగే ఫైలు దించుకుని తెరిచాడు. షాపు పేరు. ఫోన్ నంబర్. ఆ కింద నేరుగా పట్టిక.

మధ్యలో తను రాసింది లేదు.

తప్పు ఫైలు తెరిచానేమోనని మూసి, మళ్ళీ దించాడు. లేదు. మొదటినుంచి చివరిదాకా, మూడు వందల చిల్లర వరుసలూ వేలితో తడిమాడు. కొత్త మాట ఒక్కటీ లేదు, కామెంట్ లేదు, చుక్క లేదు. తను రాసిన ఆరు వాక్యాలనీ, వాటికి ముందూ వెనకా ఉన్న ట్యాగులతో సహా, ఎవరో శుభ్రంగా తీసేశారు. పేజీ ఎక్కడా ఒరగలేదు.

సైటమ్మాయికి ఫోన్ చేశాడు. "తల్లీ, పాత పేజీలో నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

"అయ్యో లేదండీ. మీరు చెప్పేదాకా నేను దాని జోలికే పోను. ఏమైంది?"

"నిజంగా నువ్వు కాదుగా?"

"ఒట్టండీ. పాస్‌వర్డ్ మనిద్దరి దగ్గరేగా ఉంది?"

"ఇంకొకరి దగ్గరుందమ్మా" అన్నాడు.

టిఫిన్ డబ్బా తెచ్చిన భార్యకి షట్టర్ సగమే లేచి కనిపించింది. వంగి లోపలికొచ్చేసరికి బాబిన్ కంప్యూటర్ ముందు నిలబడి, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమైందండీ?"

"అక్కొచ్చింది."

ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. "ఏదీ? ఎక్కడా?"

"పేజీలోకి. నేను రాసింది చెరిపేసింది."

ఆవిడ మొహం వాడిపోయింది. డబ్బా కౌంటర్ మీద పెట్టి దగ్గరికొచ్చింది. "ఒక్కమాటైనా రాయలేదా? ఉత్తినే చెరిపేసిందా? అంత కోపమా వదినకి?"

"ఉండదటే మరి? నేను తక్కువ చెరిపానా?"

"దానికి మీరు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియడం లేదు."

"అక్క ఉందే!" అన్నాడు బాబిన్. "చూసిందే! నేనంటే చూడకుండా చెరిపాను గానీ, అది చదివి చెరిపింది. చదవకపోతే ఏది చెరపాలో దానికెలా తెలుస్తుంది?"

ఫోన్లో సైటమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది. "అంకుల్, వింటున్నారా? అయితే రేపు పాత సర్వర్ మూసెయ్యమంటారా, వద్దా?"

"వద్దు తల్లీ" అన్నాడు బాబిన్, కుర్చీ ముందుకి లాక్కుంటూ. "అక్కచేత ఇంకో ఏడుసార్లు చెరిపించుకోవాలి నేను."

ఫోన్ పెట్టేసి, రెండోది రాయడం మొదలుపెట్టాడు.